కనిపించని ప్రత్యర్థితో క్రీడాస్ఫూర్తి

ఆటలు అనగానే మన హాస్టల్ మిత్రులకు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ గుర్తుకొస్తాయి. ఈ ఆటల్లో తొండి చేస్తే దాగదు. ఆట అయ్యాక అందరం ఒకే వరుసలో పళ్లెం పట్టుకుని నిలబడాలి కదా! మరి ప్రత్యర్థి ముఖమే కనిపించని ఆటలో మన ప్రవర్తన ఎలా ఉండాలి? ఆన్‌లైన్ సిమ్ రేసింగ్ గురించి మేము తెలుసుకున్న నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాం.

సిమ్ రేసింగ్ అంటే ఏమిటి?

టైర్ల పట్టు, బ్రేకుల పనితీరు, ఇంధనం బరువు వంటివన్నీ లెక్కగట్టి, నిజమైన కారు నడిపినట్టే అనిపించేలా తయారుచేసిన కంప్యూటర్ పోటీ ఇది. స్టీరింగు, పెడల్స్ అమర్చుకుని ఆడతారు. ఇంటర్నెట్ ద్వారా వేర్వేరు దేశాలవారు ఒకే ట్రాకుపై పోటీపడతారు. కరోనా కారణంగా 2020లో లీ మాన్స్ 24 గంటల రేసు జూన్ నుండి సెప్టెంబరుకు వాయిదా పడింది. అప్పుడు జూన్‌లో ఆన్‌లైన్‌లో జరిపిన 24 గంటల పోటీలో నిజమైన రేసు డ్రైవర్లు, సిమ్ ఆటగాళ్లు కలిసి పాల్గొన్నారు.

మేము చేసిన పొరపాటు

పీజీలో చేరాక ఒక మిత్రుడి గదిలో వంతులవారీగా ఈ ఆట మొదలుపెట్టాం. మొదటి పోటీలో మొదటి మలుపు దగ్గర బ్రేకు వేయకుండా దూసుకెళ్లి మూడు కార్లను గుద్దేశాం. పడీపడీ నవ్వుకున్నాం. అంతలో తెరపై ఒక సందేశం వచ్చింది. ఈ పోటీ కోసం తాను వారం రోజులు సాధన చేశానని ఎవరో రాశారు. మా నవ్వు ఆగిపోయింది. మేము గుద్దింది బొమ్మ కారునే, కానీ దాని వెనుక మనిషి ఉన్నాడన్న సంగతి మాకు అప్పుడే తట్టింది.

పాటించవలసిన మర్యాదలు

మొదటి మలుపులో కార్లన్నీ గుంపుగా ఉంటాయి. అక్కడ నిదానమే ప్రధానం. ముందరి కార్లు మామూలు కంటే ముందే బ్రేకు వేస్తాయి కాబట్టి మనమూ ముందే వేయాలి.

దాటి వెళ్లేటప్పుడు జాగ్రత్తగా ఉండే బాధ్యత ప్రధానంగా వెనుకవాడిదే. అయితే అతడు మలుపుకు ముందే మన పక్కకు వచ్చేస్తే, ఒక కారు పట్టేంత చోటు వదలడం మన బాధ్యత. అడ్డుకోవడానికి ఒకసారి పక్కకు జరగవచ్చు గాని, అతడు ఎటు తిరిగితే అటు తిరగకూడదు.

కారు గిర్రున తిరిగి ఆగితే బ్రేకు తొక్కిపట్టి ఉంచాలి. కదలని కారును ఇతరులు తప్పించుకోగలరు, అటూఇటూ దొర్లే కారును తప్పించుకోవడం కష్టం. వచ్చేవాళ్లందరూ వెళ్లాకే తిరిగి ట్రాకెక్కాలి. పొరపాటున ఒకరిని గుద్ది ముందుకు వెళితే, వేగం తగ్గించి ఆ స్థానం తిరిగి ఇచ్చేయాలి.

ఇంటర్నెట్ నెమ్మదిస్తే ఎదుటి కారు మనకు కనిపించే చోట నిజంగా ఉండకపోవచ్చు. తెరపై జానెడు ఎడం కనిపిస్తున్నా అక్కడ కార్లు తగలవచ్చు. అందుకే నిజమైన రేసులో కంటే ఇక్కడ కాస్త ఎక్కువ ఎడం పాటించాలి.

తీర్పు ఎవరిది?

2008లో మొదలైన ఐరేసింగ్‌లో ట్రాకు దాటితే 1, అదుపు తప్పితే 2, మరో కారును గట్టిగా ఢీకొంటే సాధారణంగా 4 చొప్పున తప్పుల లెక్కలో చేరతాయి. ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిదైనా ఇద్దరి ఖాతాలోనూ పడతాయి. గొడవపడిన ఇద్దరినీ వార్డెన్ గారు బయట నిలబెట్టినట్టన్నమాట! ఇది అన్యాయంగా తోచవచ్చు. కానీ దీనివల్ల 'నాదే ఒప్పు' అనే వాదన కంటే ప్రమాదం తప్పించుకోవడమే లాభమని ఆటగాడికి అర్థమవుతుంది. 2017లో వచ్చిన గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌లోనైతే, మర్యాదలు నేర్పే రెండు వీడియోలు చూశాకే ఆన్‌లైన్ పోటీలోకి అనుమతించేవారు.

కావాలని గుద్దినవాడిపై పగ తీర్చుకోవడానికి తిరిగి గుద్దకూడదు. పోటీ రికార్డింగును నిర్వాహకులకు పంపి ఫిర్యాదు చేయవచ్చు. సందేశాల్లో తిట్లు రాయకూడదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దలు.

నిజాయితీ

2020 మే నెలలో ఫార్ములా ఈ ఆన్‌లైన్ పోటీలో డేనియల్ ఆప్ట్ అనే జర్మన్ డ్రైవరు తన బదులు ఒక సిమ్ ఆటగాడి చేత కారు నడిపించాడు. మూడో స్థానం కూడా వచ్చింది. కానీ విషయం బయటపడింది. ఆప్ట్‌ను అనర్హుడిగా ప్రకటించి, 10,000 యూరోలు సేవా సంస్థకు చెల్లించమన్నారు. అతని జట్టు ఆడి సంస్థ అతన్ని సస్పెండ్ చేసింది. తెర చాటున ఉన్నామని ధైర్యపడితే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మిత్రులారా! స్టీరింగు కొనగలిగే స్థోమత మనలో చాలామందికి ఇప్పుడు లేకపోవచ్చు. కానీ రేపు మనం చేసే పనుల్లో ఎన్నో, ముఖం చూడని మనుషులతో తెర ద్వారానే జరుగుతాయి. ఎవరూ చూడని చోట పక్కవాడికి ఒక కారంత చోటు వదలగలిగితే అదే అసలైన క్రీడాస్ఫూర్తి. ఆ సందేశం పంపిన మిత్రుడెవరో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మేము క్షమాపణ కూడా చెప్పలేదు. ఇప్పుడు మాత్రం పొరపాటు జరిగిన వెంటనే "క్షమించండి" అని రాస్తున్నాం.