“దేవుడు లేడు” అన్నవాళ్లతో మాట్లాడేదెలా?

“దేవుడు ఉన్నాడని ఎట్లా తెలుసు అబ్బా?” అని కాలేజీకి వెళ్లే కొడుకు అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒక్కటే: “తౌబా చెయ్!” దాంతో నోరు మూతపడుతుంది, సందేహం మాత్రం పోదు. జవాబు ఫోన్‌లో వెతుక్కుంటాడు.

హయత్‌నగర్ మీదుగా పోయే హైవే పట్టుకుంటే చేరేది విజయవాడ. అక్కడి నాస్తిక కేంద్రాన్ని గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. ఆయన 1944లో సేవాగ్రామ్ వెళ్లి గాంధీతోనే వాదించారు. అంతా తలరాత అనుకునేవాడు అంటరానితనాన్నీ తలవంచి భరిస్తాడు, దేవుణ్ణి పక్కన పెడితేనే మనిషి బాధ్యత తీసుకుంటాడు అన్నది గోరా మాట. గాంధీ ఒప్పుకోలేదు, అలాగని వెళ్లగొట్టనూ లేదు. గోరా కూతురు మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు ఆశ్రమంలోనే పెళ్లి చేద్దామన్నారు. ప్రమాణంలో దేవుడికి బదులు సత్యం అనడానికీ సరేనన్నారు. గాంధీ హత్య తర్వాత, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది.

గోరా లేవనెత్తిన తఖ్దీర్ ప్రశ్న మనకూ కొత్తది కాదు. మనుషులు తమను తాము మార్చుకోనిదే వాళ్ల స్థితి మారదన్నదే సూరా రఅద్ 11వ ఆయత్ సారం. అన్యాయాన్ని తలరాత అని సరిపెట్టుకోవడానికి అందులో చోటు లేదు.

ఇక పిల్లలు ఎక్కువగా అడిగేది: “అన్నిటినీ అల్లాహ్ సృష్టిస్తే, మరి అల్లాహ్‌ను ఎవరు సృష్టించారు?” ఇది కోపం తెచ్చుకోవాల్సిన ప్రశ్న కాదు. “ప్రతిదానికీ కారణం ఉండాలి” అని ఇమామ్ గజాలీ అనలేదు. “మొదలు ఉన్న ప్రతిదానికీ కారణం ఉండాలి” అన్నారు. మొదలే లేనివాడికి ఆ ప్రశ్న వర్తించదు. అయితే ప్రపంచానికి మొదలు ఉందని ఎట్లా చెప్తారని నాస్తికుడు అడగొచ్చు. అసలు చర్చ అక్కడే ఉంది. ఆ మాట మీదే ఇబ్న్ రుష్ద్ గజాలీని గట్టిగా విమర్శిస్తూ పుస్తకమే రాశారు. ఆయనేమీ నాస్తికుడు కాదు, ఖాజీగా పనిచేసిన ఆలిమ్. ఒక వాదనను తప్పుపట్టడం వేరు, అల్లాహ్‌ను కాదనడం వేరు. ఇంట్లో పెద్దలు కలగలిపేసేది ఈ రెంటినే.

వాదించే తీరుకు సూరా బఖరా 258వ ఆయత్ చూడొచ్చు. ప్రాణం పోసేదీ తీసేదీ తానేనని రాజు మొండికేస్తే ఇబ్రాహీం (అలైహిస్సలాం) అరవలేదు. సూర్యుణ్ణి పడమట ఉదయింపజేయమని అడిగారు, అంతే.

గజాలీకీ సందేహం తప్పలేదు. కళ్లనూ బుద్ధినీ కూడా నమ్మలేని స్థితిలో దాదాపు రెండు నెలలు గడిపానని ఆయనే రాసుకున్నారు. అందులోంచి తనను బయటకు తెచ్చింది తర్కం కాదని, అల్లాహ్ గుండెలో వేసిన వెలుగని కూడా రాశారు.