కథ గుర్తుంది, అక్షరం గుర్తులేదు

వృద్ధుల సేవకు జపాన్ వెళ్లాలని భాష నేర్చుకుంటున్న నర్సులు మన సంఘ కుటుంబాలలోనూ ఉన్నారు. 2021 జనవరిలో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరాక ఈ దారి మరికొంత విశాలమైంది. వారిలో చాలామందిని భయపెట్టేది కంజి. గంజి కాదండీ, చైనా నుండి జపాన్ చేరిన అక్షరాలు! మన ‘క’ ఒక ధ్వని మాత్రమే. కంజిలో ఒక్కో అక్షరానికీ ఒక అర్థం ఉంటుంది. నిత్య వాడకానికి అక్కడి ప్రభుత్వం 2010లో ప్రకటించిన పట్టికలో ఇవి 2,136.

వీటిని గుర్తుంచుకోవడానికి కథలు అల్లుకోవడం మంచి ఉపాయమే. మనిషి గుర్తు పక్కన చెట్టు గుర్తు ఉంటే విశ్రాంతి. పైన చెయ్యి, కింద కన్ను ఉంటే కనిపెట్టి చూడడం. జపాన్ భాషలో నర్సు అనే మాట ఈ అక్షరంతోనే మొదలవుతుంది. కంటిపై చెయ్యి అడ్డం పెట్టుకొని మనకోసం దారి చూసే అవ్వను తలచుకుంటే ఇక మరచిపోలేము. మందు అనే అక్షరంలో పైన గడ్డి, కింద హాయి.

వంద అక్షరాలు దాటాక కష్టం మొదలవుతుంది. చెట్లు, చేతులు, కళ్లు అన్నీ కలగాపులగమవుతాయి. పైగా కథ అర్థం చెబుతుంది గాని పలుకు చెప్పదు. మందు అక్షరం ఒంటరిగా ఉంటే ‘కుసురి’, వేరే అక్షరంతో కలిస్తే చాలాచోట్ల ‘యకు’.

ఒక్కోసారి కథే దారి తప్పిస్తుంది. అక్కడి మందుల సంచిపై ‘షొక్కన్’ అని కనిపించవచ్చు. భోజనం, నడుమ అనే రెండు అక్షరాలు. ‘నడుమ’కు తలుపుల సందున సూర్యుడు అనే కథ చక్కగా కుదురుతుంది. కాని ఆ కథ పట్టుకొని, అన్నం తింటూ మధ్యలో మింగాలని అనుకుంటే పొరపాటే. జపాన్ వారే కొందరు ఇలా పొరబడతారు. రెండు భోజనాల నడుమ, అంటే తిన్న సుమారు రెండు గంటలకు అని దాని అర్థం. మంచంపై ఉన్న ముసలివారికి మందు అందించేవారు ఇక్కడ తడబడకూడదు గదా!

అందుచేత అక్షరాన్ని విడిగా గాక మాటలో నేర్చుకోండి: ‘షొకుజెన్’ భోజనానికి ముందు, ‘షొకుగొ’ తరువాత. పుస్తకంలోని కథ కంటే మీ ఊరి కథ బాగా నిలుస్తుంది. చూసి పదిసార్లు రాసేకంటే చూడకుండా ఒకసారి రాయడానికి ప్రయత్నించండి. రేపు, మూడు రోజులకు, వారానికి మళ్లీ రాయండి. ఒకేరోజు పదేపదే చదివేకంటే ఎడం ఇచ్చి చదవడం మేలని జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగాలు చేసుకొని 1885లో చూపారు. నైట్ డ్యూటీ దిగినవారు ముందు నిద్రపొండి. నేర్చినదాన్ని మెదడు పదిలపరచుకునేది నిద్రలోనే. కొన్నాళ్లకు కథ జారిపోయి అక్షరం నేరుగా తెలుస్తుంది. అది మరపు కాదు.

ఇంట్లోవారికి ఒక మాట. చీటీకి ఒకవైపు కంజి, వెనుక తెలుగులో పలుకు, అర్థం రాయించండి. జపాన్ భాష రాని అమ్మ కూడా రాత్రి భోజనాలయ్యాక ఐదు చీటీలు పట్టుకొని పరీక్ష పెట్టవచ్చు.