ఇష్టమైన రికార్డులు - వాని ఎంపిక, పోషణ

రేడియోలో విన్న పాట గాలిలో కలసిపోతుంది. దానిని మరల ఎప్పుడు విందుమో మన చేతిలో లేదు. రికార్డులోని పాట అట్లు కాదు, కోరినప్పుడు పలుకుతుంది. అందువలననే ఒకప్పుడు సంగీతముపై మక్కువగల గృహస్థులు గ్రామఫోను కొని, పండుగకు ఒకటి, పెండ్లికి ఒకటిగా రికార్డులు చేర్చుకొన్నారు. ఆ పెట్టెలు నేటికిని కొన్ని ఇండ్లలో అటకలమీద ఉన్నవి. వానిలో వేటిని ముందు కాపాడవలెను, ఎట్లు కాపాడవలెను అనునది ఆలోచింపదగిన విషయము.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. మనకు మిక్కిలి ఇష్టమైన రికార్డే అన్నిటికంటె ముందు పాడవుతుంది. ఇష్టము లేనిది కవరులో క్రొత్తదానివలె ఉంటుంది. ముల్లు గాడివెంట పోయిన ప్రతిసారి గాడి కొంచెము అరుగుతుంది. చేతితో తిప్పి కీ ఇచ్చు పాత గ్రామఫోనులో ఉక్కు ముల్లు, దానిపై బరువైన సౌండుబాక్సు ఉండేవి. ఒక వైపు పాడగానే ముల్లు మార్చవలెనని నియమము. ఒకే ముల్లుతో పది పాటలు విన్నవారు ముల్లు ఖరీదు మిగుల్చుకొని పాటను పోగొట్టుకొన్నారు.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి గానమును ముద్రించిన నాటినుండి చాలకాలము మన దేశమున వెలువడినవి లక్క రికార్డులు. లక్కలో రాతిపొడి మొదలగునవి కలిపి వానిని అచ్చువేసేవారు. నిమిషమునకు 78 చుట్లు తిరిగే పది అంగుళముల రికార్డు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషములు మాత్రమే పాడుతుంది. రంగస్థలముపై వన్స్‌మోరులతో సాగిన పద్యమును నటులు ఈ మూడు నిమిషములలో ఇమిడ్చి పాడవలసి వచ్చినది. 1948లో అమెరికాలో వచ్చిన లాంగ్‌ప్లే రికార్డు వైనిలుతో చేసినది. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగుచు, ఒక వైపు ఇరువది నిమిషములకు పైగా పాడగలదు. లక్క రికార్డు చేయిజారిన పగులుతుంది. వైనిలు అంత సులభముగా పగులదు గాని, వేడికి వంగిపోతుంది.

ఇక ఎంపిక. ప్రతి రికార్డును గూర్చి మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. పదిసార్లు విన్న తరువాత పదునొకండవసారి వినబుద్ధి అగునా? మరియొకచోట దొరుకునా? మన ఇంటివారి జ్ఞాపకము ఏదైన దానితో ముడిపడి ఉన్నదా? 1974లో వెలువడిన ఘంటసాల భగవద్గీత ఎన్నో ఇండ్లకు చేరినది. మన ప్రతి పోయినను ఆ గానము నిలుస్తుంది. పేరు అంతగా వినబడని ఒక నాటకనటుని పద్యము, ఏనాడో మూలబడిన ఒక చిన్న కంపెనీవారి హరికథ అట్లు కాదు. మన అటకమీద ఉన్నదే కడపటి ప్రతి కావచ్చును. కనుక మనకు రుచింపనంతమాత్రమున అట్టిదానిని పాత సామానులవానికి వేయరాదు.

రక్షణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. రికార్డులను దొంతిగా పేర్చక, పుస్తకములవలె నిలువుగా, ఒరగకుండ నిలుపవలెను. ఎండ తగులు కిటికీ, వంటయింటి గోడ వానికి శత్రువులు. తేమగల సముద్రతీరపు ఊళ్ళలో బూజు పట్టకుండ అప్పుడప్పుడు గాలి తగులనీయవలెను. గాడులను వ్రేళ్ళతో తాకక అంచులను పట్టుకొనవలెను. 78 రికార్డునకు తగిన ముల్లు మొన లాంగ్‌ప్లే ముల్లు మొనకంటె సుమారు మూడింతలు లావు. ఒకదానిని వేరొకదానికి వాడరాదు.

తుడుచుటలో నేను చేసిన పొరపాటును చెప్పకుండ ఉండలేను. మా తాతగారి పెట్టెలోని ఒక పద్యముల రికార్డు మురికిపట్టి ఉన్నదని స్పిరిటుతో తుడిచితిని. గుడ్డకు నల్లగా అంటినది మురికి అనుకొని సంతోషించితిని. అది మురికి కాదు, లక్క. లక్క స్పిరిటులో కరుగునని నాకు అప్పుడు తెలియదు. ఆ గొంతు మరల నాకు వినబడలేదు. మెత్తని గుడ్డను డిస్టిల్డ్ నీటితో కొద్దిగా తడిపి, గాడివెంబడి గుండ్రముగా తుడిచి, వెంటనే ఆరబెట్టిన చాలును. నడిమి కాగితమునకు తడి తగులరాదు.

ఆ కాగితమే రికార్డునకు జాతకము. పాడినవారి పేరు, కంపెనీ, సంఖ్య దానిమీదనే ఉంటవి. అది చినుగకముందే ఆ వివరములను ఒక నోటుబుక్కులో వ్రాసికొనవలెను. ఎవరు కొన్నారు, ఏ సందర్భమున కొన్నారు అనునది కూడ చేర్చవలెను. ఈ సంగతి ఏ కంపెనీ జాబితాలోను ఉండదు. ఇంటి పెద్దలకే తెలియును.

చివరకు మొదటి చిక్కునకు వత్తము. ఎంచుకొన్న రికార్డులను తేలిక చేయిగల మంచి యంత్రముపై ఒక్కసారి పాడించి, కంప్యూటరులో ప్రతి తీయించి, ఆ ప్రతిని రెండుచోట్ల దాచవలెను. నిత్యము వినుటకు ఆ ప్రతి చాలును. అసలు రికార్డును ఏడాదికి ఒకనాడు, ఇంటిల్లిపాది కూర్చుండినప్పుడు తీయుదము. ఇష్టమైనదానిని అరగదీయకుండ వినుట ఇప్పుడు సాధ్యము. కాని ఆ గొంతు ఎవరిదో చెప్పగల పెద్దలు మన మధ్య ఉండగనే ఈ పని జరుగవలెను.