తన ఉత్తరము తానే చదువుకొన్న వేళ



మన పల్లెలలో ఒకప్పుడు ఉత్తరము వచ్చినదంటే చదువు రానివారు దానిని పట్టుకొని పంతులుగారి యొద్దకో, పాస్టరు అయ్యగారి యొద్దకో వెళ్లేవారు. చదివి పెట్టుట మంచి పనియే. అయితే కూతురి కష్టమైనా, కొడుకు చేసిన అప్పయినా, ముందు చదివిన వానికి తెలిసి, ఆ తరువాతనే కన్నతల్లికి తెలిసేది. చూపు లేని వారి పరిస్థితి నేటికిని అనేక చోట్ల ఇంతే. కాకపోతే ఇప్పుడు ఉత్తరము పోస్టుమాను సంచిలో గాక ఈమెయిలులో వచ్చుచున్నది.

మా పొరపాటు

మా సంఘములో ఒక యువ సహోదరుడున్నాడు. చిన్నతనములోనే జ్వరము వచ్చి చూపు పోయినది. తల్లి కూలి పని చేసి అతనిని డిగ్రీ వరకు చదివించినది. అతడు ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టుచుండగా, అతని ఈమెయిలు చూచిపెట్టు పని మేము తీసుకొన్నాము. ప్రతి ఆదివారము సాయంకాలము ల్యాప్‌టాప్ తెరచి, ముఖ్యమని మాకు తోచినవి చదివి వినిపించేవారము.

ఒక వారము ఉజ్జీవ కూడికల హడావుడిలో చూడలేదు. మరుసటి ఆదివారము తెరచినప్పుడు, ప్రకటనల మధ్యలో ఇంటర్వ్యూ పిలుపు కనబడినది. తేదీ దాటి అప్పటికే రెండు దినములైనది.

మాకు నోట మాట రాలేదు. అతడే, “అయ్యగారూ, మీరు చూడలేదని నాకు కోపం లేదండీ. నా పేరున వచ్చిన ఉత్తరం నేను చూసుకోలేకపోయానే, అదే బాధ” అన్నాడు. ఆ రాత్రి మేము నిద్రపోలేదు. సహాయము చేయుచున్నామని అనుకొన్నాము గాని, అతడు తానే చదువుకొను మార్గమేదైనా ఉన్నదా అని ఒక్కసారియైనను విచారించలేదు.

చెవితో చదువుట

మార్గమున్నది. తెర మీది అక్షరములను చదివి వినిపించు ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అందురు. వాటిలో ఎన్.వి.డి.ఎ. అనునది ఉచితము. ఆస్ట్రేలియా దేశమందు మైకేల్ కరన్ అను అంధ యువకుడు 2006లో దానిని ఆరంభించగా, జేమ్స్ టే అను మరియొక అంధుడు అతనితో కలిసి పనిచేశాడు. దానితో వచ్చు కంఠము యంత్రమువలె ఉండును గాని తెలుగు కూడ చదువును. మా సహోదరుడు పట్టణములో కొన్ని వారములు తరఫీదు పొంది వచ్చాడు. సంఘ యవ్వనస్థులు ఒక పాత కంప్యూటరు సమకూర్చిరి.

అతడు చేసిన మొదటి పని పాస్‌వర్డు మార్చుకొనుట. “ఏమీ అనుకోకండి అయ్యగారూ” అన్నాడు. ఒక్క క్షణము మా మనస్సు చివుక్కుమన్నది. తరువాత దేవుని స్తుతించాము. తన ఇంటి తాళపుచెవి తన యొద్దనే ఉండుట న్యాయము గదా!

ఒక దినమున అతని ప్రక్కన కూర్చుండి చూచాము. కన్ను ఇరువది వరుసలను ఒక్క చూపులో చూచి, కావలసిన దానిపై నిలుచును. చెవి అట్లు చేయలేదు. ఒకదాని తరువాత ఒకటి వినవలసినదే. కావున అంధులకు ఈమెయిలు వేరుచేసికొనుట అలంకారము కాదు, అవసరము.

అతడు థండర్‌బర్డ్ అను ఉచిత ప్రోగ్రాము వాడుచున్నాడు. క్రింది బాణపు మీట నొక్కగానే పంపినవారి పేరు, విషయము వినబడును. రెండు మాటలలోనే అది ప్రకటన అని తెలిసినయెడల మిగిలినది వినడు. డిలీట్ మీట నొక్కును, తరువాతి దానికి పోవును. కంట్రోల్ మీట నొక్కినయెడల కంఠము ఆగిపోవును. ‘ఎన్’ అక్షరము నొక్కగా చదవని తరువాతి ఉత్తరము వచ్చును. పని ముగిసినదైనను దాచుకొనవలసిన దానిని ‘ఎ’ అక్షరముతో భద్రపరచును.

ఇంకను తెలివైన పని ఒకటి చేశాడు. బ్యాంకు ఉత్తరములకు ఒక ఫోల్డరు, ఉద్యోగముల వాటికి ఒకటి, సంఘపు వాటికి ఒకటి చేసి, ఎవరి నుండి వచ్చినది ఏ ఫోల్డరులోనికి వెళ్లవలెనో ఫిల్టర్ల ద్వారా ముందుగానే ఏర్పరచాడు. ఇప్పుడు ఉదయమున లేచి ఉద్యోగముల ఫోల్డరును ముందుగా వినును. ప్రకటనలు వందలు వచ్చినను ఆ పిలుపును కప్పివేయజాలవు.

మనము వేయుచున్న అడ్డు

అన్నియు చూపించిన తరువాత అతడు మెల్లగా, “అయ్యగారూ, మన సంఘపు ప్రకటన మాత్రం నాకు వినబడదండీ” అన్నాడు. మేము ప్రతి నెల కార్యక్రమములను కాగితము మీద అచ్చువేసి, ఫోటో తీసి పంపుచున్నాము. అతని యంత్రము అక్కడ బొమ్మ ఉన్నదని మాత్రమే చెప్పి ఊరకుండును. విషయపు వరుస కూడ ఖాళీయే! అంధుని దారిలో అడ్డు పెట్టరాదని లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించిన సంగతిని ఎన్నోసార్లు బోధించిన మేమే ఆ అడ్డు వేయుచుంటిమి.

ఆ దినము నుండి కొన్ని నియమములు పెట్టుకొన్నాము. మీరును పాటించుడి:

విషయపు వరుసలో సంగతిని సూటిగా వ్రాయుడి. “ముఖ్య గమనిక” అనుటకంటె “శుక్రవారము ఉపవాస కూడిక, ఉదయము 10 గంటలకు” అనుట మేలు.

అక్షరములను ఫోటోగా పంపవద్దు. పంపవలసి వచ్చినయెడల ఆ మాటలనే క్రింద టైపు చేయుడి.

తెలుగును యూనికోడ్ అక్షరములలో టైపు చేయుడి. పాత డి.టి.పి. ఫాంట్లలో చేసినది మన కంటికి తెలుగే గాని, స్క్రీన్ రీడర్ దానిని అర్థము లేని గుర్తులుగా చదువును.

అసలు సంగతి మొదటి వాక్యములోనే చెప్పుడి. వందనములు తరువాత చెప్పుకొనవచ్చును.

మీ ఇంట చూపు మందగించిన పెద్దలుంటే వారిని మరువవద్దు. అనేక ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అను ఇట్టి సదుపాయము ముందే ఉన్నది. సెట్టింగులలో దానిని తెరచినప్పుడు, ఒకసారి తాకితే చదువును, రెండుసార్లు వెంటవెంటనే తట్టితే తెరచును. మొదట తికమకగా ఉండును. ప్రక్కన కూర్చుండి ఓర్పుతో నేర్పించుడి. వారి చేతిలోనుండి ఫోను లాగికొని మీరే చేసిపెట్టవద్దు.

బర్తిమయి సంగతి మీకు తెలియును. అతడు అంధుడని యెరికో త్రోవలో ఉన్న వారందరికి తెలుసు. అయినను ప్రభువు అతనిని దగ్గరకు పిలిపించి, తనవలన అతనికి ఏమి కావలెనో అతని నోటనే చెప్పనిచ్చెను. మేమైతే అడుగకుండనే సహాయము చేయబూనితిమి.

ఆ పోయిన అవకాశము తిరిగి రాలేదు. అయితే మొన్న ఒక ఉదయమున అతని తల్లి మా ఇంటికి పరుగున వచ్చి, “అయ్యగారూ, మళ్లీ ఇంటర్వ్యూకి పిలిచారంట. పిల్లోడే చదివి నాకు చెప్పాడు” అన్నది. ఈసారి ఆ సంగతి ముందుగా తల్లికి తెలిసి, తరువాత మాకు తెలిసినది. అట్లుండుటయే తగినది.

అతని కొరకు ప్రార్థించుడి. మీ సంఘములోను ఇట్టివారున్నయెడల, వారికేమి కావలెనో నేడే వెళ్లి అడుగుడి. ప్రభువు మిమ్మును మీ కుటుంబములను దీవించును గాక.