రాని ఊరేగింపు, వచ్చిన దీపావళి

ఐర్లండ్‌లో ఉండే మనవాళ్ళకు అక్టోబరు నెలాఖరు కొంచెం తికమకగా ఉంటుంది. మన పంచాంగం ప్రకారం అప్పటికి శరదృతువు సగంలో ఉంటుంది. ఇక్కడివాళ్ళ లెక్కలో శరత్తు అయిపోయినట్లే. ఐరిష్ భాషలో అక్టోబరు పేరుకు అర్థమే కోతకాలపు ముగింపు. నవంబరు పేరు సావిన్. ఆ ఒకటో తేదీ నుంచి చలికాలం. పంటలు ఇంటికి చేరి, పశువులు కొండల మీదనుంచి దిగివచ్చే ఆ సంధికాలంలో వెనకటి ఐరిష్ రైతులు జరుపుకొన్న పండగే సావిన్. దాని ముందురోజు రాత్రినే ఇవాళ లోకమంతా హాలోవీన్ అంటోంది.

2024లో ఈ హాలోవీను, మన దీపావళి ఒకే రోజున వచ్చాయి. అక్టోబరు 31, గురువారం. ఆ ఏడు ఇండియాలో దీపావళి 31నా, ఒకటిన్నా అని చాలాచోట్ల చర్చలు జరిగాయి. డబ్లిన్‌లో ఆ తగవుకు చోటే లేదు. ఇక్కడి గడియారం ప్రకారం అమావాస్య 31 ఉదయం ప్రవేశించి, మర్నాడు మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోయింది. దీపాలు పెట్టే వేళకు అమావాస్య ఉన్నది 31నే!

తిథి కలిసొచ్చినా సెలవు కలిసిరాలేదు. అక్టోబరు చివరి సోమవారం ఇక్కడ 1977 నుంచీ ప్రభుత్వ సెలవు. ఆ ఏడు అది 28ననే వెళ్ళిపోయింది. బడిపిల్లలకు మాత్రం వారమంతా సెలవులు. తెల్లవారుజామున పిల్లలకు తలంటి, నేనూ తలంటుకుని, ఆఫీసుకు బయలుదేరుతుంటే పదకొండేళ్ళ మా అమ్మాయి అడిగింది. "అమ్మా, హాలోవీన్‌కి ఊరంతా ఏదో ఒకటి ఉంటుంది. మన పండక్కి మన ఇంట్లో తప్ప ఎక్కడా ఏమీ ఉండదేం?"

ప్రవాసంలో పిల్లల్ని పెంచే ప్రతి తల్లికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. "సాయంత్రం మాట్లాడుకుందాం" అని తప్పించుకుని ట్రామెక్కాను.

నేను లెక్కలు చూసే ఆఫీసులో ఆరోజు పనికి కొదవలేదు. నెలాఖరు కదా! పదకొండింటి టీ వేళకు, త్వరలో రిటైరు కాబోతున్న మా సహోద్యోగిని ఒకావిడ బార్మ్‌బ్రాక్ తెచ్చింది. ఎండు ద్రాక్ష వేసి చేసే తియ్యని రొట్టె అది. హాలోవీన్ నాటి రొట్టెలో ఒక ఉంగరం దాచి కాలుస్తారు. ఎవరి ముక్కలో ఉంగరం వస్తే వాళ్ళకు త్వరలో పెళ్ళని నమ్మకం. వెనకటి రోజుల్లో గుడ్డపేలిక కూడా పెట్టేవారట. అది వచ్చినవాళ్ళకు దరిద్రం! ఆరోజు ఉంగరం కొత్తగా చేరిన కుర్రాడికి వచ్చింది. పాపం, సాయంత్రం వరకూ అతన్ని ఎవరూ వదల్లేదు.

నేను తీసుకెళ్ళిన సున్నుండలు అందరికీ పంచాను. అవి తింటూ ఆవిడ తన చిన్నప్పటి పల్లెటూరి హాలోవీన్ ముచ్చట్లు చెప్పింది. ఇప్పుడంటే గుమ్మడికాయలు గానీ, అప్పట్లో లోపల తొలిచి దీపం పెట్టినవి టర్నిప్ దుంపలే. ఐర్లండ్ నుంచి వలస వెళ్ళినవాళ్ళు ఈ పండగను అమెరికాకు మోసుకుపోయారు. అక్కడ పెద్ద పెద్ద గుమ్మడికాయలు తేలిగ్గా దొరకడంతో దుంప పోయి కాయ వచ్చింది. పాత టర్నిప్ దీపం అచ్చు ఒకటి మేయో కౌంటీలోని జాతీయ పల్లెజీవన మ్యూజియంలో ఉంది. పళ్ళికిలించిన ఆ ముఖం చూస్తే పెద్దవాళ్ళకే దడ పుడుతుంది.

ఆవిడ చెప్పినవాటిలో నన్ను కదిలించింది మరొకటి. ఆ రోజుల్లో పడుకోబోయే ముందు వాళ్ళ అమ్మ పొయ్యిలో నిప్పు ఆరకుండా చూసి, బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంచేదట. ఇంట్లో గతించినవాళ్ళు ఆ రాత్రి వచ్చి కాసేపు కూర్చుని పోతారని. నాకు మా ఊళ్ళో పెద్దల అమావాస్య కళ్ళకు కట్టింది. సముద్రాలకు ఈవల, మన మాట తెలియని ఒక తల్లి, మన పెద్దవాళ్ళు చేసిన పనే చేసిందన్న మాట!

సాయంత్రం ఐదు కాకుండానే పొద్దుగూకింది. అంతకు నాలుగు రోజుల ముందే గడియారాలను గంట వెనక్కు జరిపారు మరి. లక్ష్మీపూజ చేసుకుని వాకిట్లో ప్రమిదలు పెట్టాం. టపాసుల ఊసు లేదు. లైసెన్సు లేకుండా వాటిని దగ్గర పెట్టుకోవడం ఇక్కడ నేరం. ఇంతలో దయ్యాల వేషాల్లో వీధిలోని పిల్లలు సంచులు పట్టుకుని గుమ్మం ముందుకొచ్చారు. వెనకట మన బడిపిల్లలు దసరాకు విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెంట పప్పుబెల్లాలకు ఇంటింటికీ తిరిగిన దృశ్యం గుర్తొచ్చింది. చాక్లెట్లతో పాటు తలా ఒక మైసూర్‌పాకు ముక్క వేశాం. ఒక బుల్లి దయ్యం ప్రమిదలకేసి చూసి, మీ దయ్యాలకు భయపెట్టే ముఖాలు లేవేమని అడిగింది. ఇవి దయ్యాలను తరిమేవి కావనీ, లక్ష్మీదేవికి దారి చూపేవనీ మా అమ్మాయే చెప్పింది.

వంట చేసే ఓపిక లేక, దోసెలు తినడానికి సిటీకి వెళ్ళాం. ఓకానెల్ వీధికి చేరేసరికి ఇసకేస్తే రాలని జనం! ఏడింటికి హాలోవీన్ ఊరేగింపట. వేషాలు వేసుకున్న పిల్లలు తండ్రుల భుజాలెక్కి కూర్చున్నారు. మావాళ్ళూ చూస్తామన్నారు. నిలబడ్డ చోటే వాళ్ళకు ఒక కథ చెప్పాను. మన వి.వి. గిరిగారు 1913 నుంచి 1916 వరకు ఈ డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదువుకున్నారనీ, ఎదురుగా కనిపించే పెద్ద పోస్టాఫీసు 1916 తిరుగుబాటుకు కేంద్రమనీ, ఆ ఏడాదే దేశం విడిచి పొమ్మని ప్రభుత్వం ఆయన్ని ఆదేశించిందనీ, ఆయనే తరువాత మన రాష్ట్రపతి అయ్యారనీ.

కథ అయింది గానీ ఊరేగింపు రాలేదు. జనంలో ట్రాములు ఇరుక్కున్నాయి. చివరికి పోలీసులు, అసలు ఊరేగింపే లేదు, అందరూ జాగ్రత్తగా ఇళ్ళకు వెళ్ళండని ప్రకటించారు. పరదేశం నుంచి నడిచే ఒక వెబ్‌సైటు లేని ఊరేగింపును ఉన్నట్లు రాయగా, ఆ వార్త నోటా నోటా పాకి వేలమందిని వీధిలో నిలబెట్టింది. మర్నాడు ప్రపంచంలోని చాలా పత్రికలు ఈ సంగతి రాశాయి. దాని నిర్వాహకుడు క్షమాపణ కూడా చెప్పాడు.

మా చుట్టుపక్కల వాళ్ళెవరూ పెద్దగా కోపగించుకోలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. మంత్రగత్తెలు, అస్థిపంజరాలు, రెక్కల దేవతలు ఒకరి వేషాలను ఒకరు మెచ్చుకుంటూ కదిలారు. మేమూ వాళ్ళతోపాటే నడిచి హోటలు చేరాం. అక్కడ పట్టుచీరలతో మరో నాలుగు తెలుగు కుటుంబాలు! దోసె తుంచుకుంటూ మా అమ్మాయి అంది. "అమ్మా, చూశావా? వాళ్ళ పండక్కి కూడా ఊళ్ళో ఎవరూ ఏమీ పెట్టలేదు. వచ్చినవాళ్ళే అంతా."

పొద్దున వాయిదా వేసిన ప్రశ్నకు నేను వెతుక్కుంటున్న జవాబు దానికే దొరికింది. మన పండగలకు ఇక్కడ సర్కారు సెలవు ఉండకపోవచ్చు, వీధి తోరణాలు ఉండకపోవచ్చు. అయినా ఏటా ఏదో ఒక అద్దె హాల్లో, ఒకరు పులిహోర, ఒకరు గారెలు, ఒకరు జంపఖానా తెచ్చి, తలుపు దగ్గర చెప్పుల గుట్ట పెరిగేసరికి పండగ వచ్చేస్తోంది. ఈ సంచిక మీ చేతికి అందేది కూడా అలాంటి హాల్లోనే. ఈసారి పక్కింటి ఐరిష్ పిల్లల్ని కూడా వెంటపెట్టుకు రండి. సున్నుండలు ఎక్కువే చేస్తున్నాను.