ఫైబరు బోట్ల నిర్వహణ (నెల్లూరు తీరం)

ఫైబరు బోటు అనగా గాజునారను రెజిన్‌తో పొరలు పొరలుగా అతికించి తయారు చేసిన, చిన్న డీజిలు ఇంజనుతో నడిచే చేపల పడవ. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని నెల్లూరు తీరంలో మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాళెం మొదలగు మత్స్యకార గ్రామాలలో ఈ బోట్లు విరివిగా కనిపిస్తాయి. ఈ తీరంలో చాలా చోట్ల బోటు నిలుపుటకు రేవు లేదు. అందువలన ప్రతి వేట తరువాత బోటును అలల మీదుగా ఇసుకపైకి చేర్చవలసి ఉంటుంది. ఉప్పునీరు, ఇసుక, ఎండ అనే మూడింటి వలన బోటు దేహం, ఇంజను, విద్యుత్ పరికరాలు త్వరగా పాడవుతాయి. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయిన బోటు గాలివాటున కొట్టుకుపోవును. కావున వీటి నిర్వహణ ఖర్చుకు సంబంధించినది మాత్రమే కాదు, బోటులోని వారి ప్రాణాలకు సంబంధించినది కూడా.

చరిత్ర

పూర్వం ఈ తీరంలో తెప్పలు, అనగా కట్టుమరాలు వాడుకలో ఉండేవి. తేలికపాటి దుంగలను తాళ్ళతో కట్టి తెప్పను తయారు చేసేవారు. వేట నుండి రాగానే కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. నీరు పీల్చిన కొయ్య బరువెక్కి సరిగా తేలదు. తెప్ప నిర్వహణ అంతా దాదాపు ఈ ఒక్క పనిలోనే ఇమిడి ఉండేది. దీనికి బయటి నుండి కొనవలసిన విడిభాగమంటూ ఏదీ లేదు.

1979లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా ప్రారంభమైన బంగాళాఖాత కార్యక్రమం, రేవు లేని తీరాలలో అలలను దాటి ఒడ్డు చేరగల పడవల నమూనాలను 1980వ దశకంలో రూపొందించి పరీక్షించింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తెప్పలు, వలలు పోగొట్టుకున్న గ్రామాలకు సహాయంగా ఫైబరు బోట్లు పెద్ద సంఖ్యలో వచ్చాయి. బోట్లు వచ్చినంత వేగంగా వాటిని బాగుచేసే విద్య గ్రామాలకు రాలేదనే చెప్పవలెను.

నిషేధ కాలంలో మరమ్మతులు

చేపల సంతానోత్పత్తి నిమిత్తం తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. 2015కు ముందు ఇది ఇంతకంటె తక్కువ రోజులు ఉండేది. ఆంధ్ర ప్రదేశ్‌లో మర పడవలతో పాటు మోటారు అమర్చిన బోట్లకు కూడా నిషేధం వర్తిస్తుంది. ఈ కాలానికి మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలు కాగా, 2025లో 20,000 రూపాయలకు పెంచబడినది. ఇల్లు గడవడానికే సరిపోని ఈ మొత్తం నుండే ఇంజను మరమ్మతుకు కూడా తీయవలసి రావడం వలన, అవసరమైన పని చాలా ఇళ్ళలో మరుసటి సంవత్సరానికి వాయిదా పడుతుంది.

బోటు పూర్తిగా ఒడ్డున ఆరి ఉండేది ఈ రెండు నెలలే కనుక పెద్ద మరమ్మతులు ఇప్పుడే చేస్తారు. అయితే ఇవి నెల్లూరు ప్రాంతంలో ఎండలు తీవ్రంగా ఉండే నెలలు. దీని ప్రభావం రెజిన్ పని మీద ఎట్లుంటుందో క్రింద చూడవచ్చును.

బోటు దేహం

ఫైబరు బోటుకు చెద పట్టదు, కుళ్ళదు. ఇందువలన దీనికి మరమ్మతే అక్కరలేదను అపోహ ఏర్పడింది. నిజానికి ఇసుక మీద ఈడ్చినప్పుడల్లా అడుగుభాగం అరుగుతుంది. పైనున్న జెల్‌కోట్ అనే రంగు పొర అరిగి గాజునార బయటపడితే, ఆ నార వెంట నీరు లోపలి పొరలలోకి పాకుతుంది. అప్పటి నుండి బోటు కంటికి కనబడకుండా బరువెక్కుతుంది. అడుగుదూలం మీద అదనంగా కొన్ని పొరలు వేయించడం, ఈడ్చేటప్పుడు క్రింద దుంగలు దొర్లించడం దీనికి విరుగుడు. ట్రాక్టరుతో లాగేటప్పుడు తాడును బోటులో గట్టి భాగానికే కట్టవలెను.

పగిలిన చోట పైపైన పుట్టీ పూసి రంగు వేయడం మరమ్మతు కాదు. దెబ్బతిన్న భాగాన్ని గట్టి పొర వచ్చే వరకు అరగదీసి, అంచులను ఏటవాలుగా చెక్కవలెను. ఈ ఏటవాలు వెడల్పు మందానికి సుమారు 12 రెట్లు ఉండవలెనని సాధారణ నియమం. అనగా 5 మిల్లీమీటర్ల మందం గల చోట చుట్టూ 60 మిల్లీమీటర్ల వరకు చెక్కవలసి ఉంటుంది. పగులు చిన్నదైనా అతుకు పెద్దదిగా కనిపించుటకు కారణమిదే. తరువాత మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కొక్క మ్యాట్ పొరను రెజిన్‌తో తడిపి, గాలిబుడగలు లేకుండా రోలరుతో అణచవలెను. ఉప్పు గాని తడి గాని మిగిలితే కొత్త పొర పాతదానికి అంటదు.

రెజిన్ గట్టిపడటానికి కలిపే క్యాటలిస్ట్ సాధారణంగా నూటికి 1 నుండి 2 పాళ్ళు ఉంటుంది. మే నెల ఎండలో ఎక్కువ కలిపితే రెజిన్ డబ్బాలోనే ఉడికి గడ్డకడుతుంది. కావున తెల్లవారుజామున, నీడలో, కొద్ది కొద్దిగా కలుపుకొని పని చేయడం మంచిది. మరొక ముఖ్య విషయం: క్యాటలిస్ట్‌ను, కోబాల్ట్ యాక్సిలరేటరును ఎన్నడూ నేరుగా ఒకదానితో ఒకటి కలుపరాదు. అట్లు కలిపితే మంట లేదా పేలుడు సంభవిస్తుంది. ముందు ఒకదానిని రెజిన్‌లో బాగా కలిపిన తరువాతనే రెండవది వేయవలెను. క్యాటలిస్ట్ కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం కలదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయడం తీరంలో సర్వసాధారణం కావడం విచారకరం.

బోటు మునగకుండా ఉండుటకు లోపల గాలి గదులు లేదా నురుగు నింపిన గదులు ఉంటాయి. వీటిలోకి నీరు చేరిందేమో ప్రతి సంవత్సరం చూడవలెను. పాడైన గదిని కొందరు థర్మోకోల్‌తో నింపి పైన ఫైబరు వేస్తారు. పాలియెస్టరు రెజిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. దీనికి పాలీయురేథేన్ నురుగునే వాడవలెను.

ఇంజను

ఈ బోట్లలో ఎక్కువగా వాడేది లాంగ్‌టెయిల్ అమరిక. ఇందులో ఇంజను వెనుక పొడవైన షాఫ్టు, దాని చివర ప్రొపెల్లరు ఉంటాయి. ఒడ్డు దగ్గర పడగానే షాఫ్టును నీటిపైకి ఎత్తివేయవచ్చును. రేవు లేని తీరానికి ఇది చక్కగా కుదిరిన ఏర్పాటు. అయితే పొడవైన షాఫ్టు ఏ మాత్రం వంగినా అదురు పుట్టి, బుష్షులు అరిగి, ఆ అదురు ఇంజను బిగించిన చోట ఫైబరును పగులగొడుతుంది. అక్కడ ఎన్నిసార్లు అతుకు వేసినా నిలవదు, షాఫ్టును సరిచేయించవలసినదే.

గాలితో చల్లబడే ఇంజనుకు రెక్కల మధ్య ఉప్పు, చేప పొలుసులు పేరుకోకుండా చూడవలెను. నీటితో చల్లబడే ఇంజను నీటి దారులను మంచినీటితో కడగవలెను. మంచినీటి ఎద్దడి గల గ్రామాలలో ఇసుకలో తీసిన చెలమ నీరు, ఉప్పగా లేకుంటే, ఈ పనికి సరిపోతుంది.

చిన్న డీజిలు ఇంజన్లకు ఆయిలు మార్చవలసిన వ్యవధి సాధారణంగా 100 నుండి 250 గంటల మధ్య ఉంటుంది. సరియైన అంకె ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. రోజుకు 8 గంటలు నడిచే ఇంజనుకు 100 గంటలు పన్నెండు పదమూడు రోజులలోనే పూర్తవుతాయి. కనుక నెలల లెక్క పనికిరాదు. నడిచిన గంటలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొనుటే మేలైన పద్ధతి. ఆయిలు పాలవలె తెల్లబడితే అందులో నీరు కలిసిందని అర్థం. పొగ రంగు కూడా ఇంజను స్థితిని తెలుపుతుంది. నల్లని పొగ గాలి చాలకపోవడాన్ని లేదా మోయలేని బరువును, నీలి పొగ ఆయిలు కాలడాన్ని, ఎడతెగని తెల్లని పొగ ఇంధనం సరిగా మండకపోవడాన్ని లేదా నీరు చేరడాన్ని సూచిస్తాయి.

సముద్రంలో ఇంజన్లు ఆగిపోవుటకు తరచుగా కనిపించే కారణం మాత్రం సామాన్యమైనది. అది డీజిలులో నీరు, మురికి. డబ్బాలో తెచ్చిన డీజిలును కొంతసేపు తేరనిచ్చి, వడగట్టి, అడుగుది వదిలి పోయవలెను. ఒక అదనపు ఫిల్టరు, ఒక బెల్టు, ఒక ప్రొపెల్లరు బోటులో ఉంచుకొనడానికి అయ్యే ఖర్చు ఒక విఫలమైన వేటలో పోయే డీజిలు ఖర్చుతో పోల్చదగినదే.

ఎప్పుడూ నీటిలో ఉండే లోహ భాగాలకు జింకు ముక్క అమర్చుతారు. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు కలిసి ఉన్నప్పుడు వాటిలో ఒకటి తినివేయబడుతుంది. జింకు తాను కరిగిపోతూ షాఫ్టును, ప్రొపెల్లరును కాపాడుతుంది. సగం కరిగిన వెంటనే దానిని మార్చవలెను. అందంగా ఉంటుందని జింకు మీద రంగు వేస్తే అది పని చేయదు.

పెద్ద ఇంజను ప్రశ్న

తమిళనాడు నుండి వచ్చే అధిక శక్తి గల మర పడవలతో నెల్లూరు తీర మత్స్యకారులకు చాలా కాలంగా వివాదాలు ఉన్నాయి. వాటితో పోటీపడుటకు తమ బోట్లకూ పెద్ద ఇంజను అమర్చవలెనని చాలా మంది కోరుకుంటారు. కాని నీటిని చీల్చుకుంటూ నడిచే పడవకు కావలసిన శక్తి దాదాపు వేగం యొక్క ఘనంతో పెరుగుతుంది. అనగా గుర్రపుశక్తిని రెట్టింపు చేసినా వేగం సుమారు నాలుగవ వంతు మాత్రమే పెరుగును. దీనిని తిప్పి చూస్తే ఒక లాభం కనబడుతుంది. ఇంజను చుట్లను 10 శాతం తగ్గిస్తే ప్రొపెల్లరు తీసుకునే శక్తి సుమారు 27 శాతం తగ్గుతుంది. డీజిలుపై ప్రభుత్వం లీటరుకు 2019 నుండి 9 రూపాయల రాయితీ నిర్ణయించినప్పటికీ, వేటలో ఇంధనమే పెద్ద ఖర్చు. పైగా పెద్ద ఇంజను బరువును, అదురును తట్టుకొనేటట్లు బోటు వెనుక భాగాన్ని బలపరచకుండా బిగిస్తే దేహం దెబ్బతింటుంది.

విద్యుత్తు

దీపాలు, జీపీఎస్, రేడియో వచ్చిన తరువాత బ్యాటరీ బోటులో ముఖ్య భాగమైనది. ఎంత బ్యాటరీ కావలెనో లెక్క వేయడం కష్టం కాదు. 10 వాట్ల ఎల్ఈడీ దీపాలు నాలుగు, రాత్రి 10 గంటలు వెలిగితే 400 వాట్-గంటలు ఖర్చవుతుంది. 12 వోల్టుల బ్యాటరీకి ఇది సుమారు 33 ఆంపియర్-గంటలు. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గును కనుక 70 ఆంపియర్-గంటల బ్యాటరీ అవసరమగును. సౌర ఫలకం పెట్టేవారు చార్జి కంట్రోలరు తప్పక అమర్చవలెను. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండవలెను. ఉప్పుగాలికి తీగల అతుకులు పచ్చగా చిలుమెక్కి, కరెంటు పోతున్నట్లు కనిపించినా దీపం వెలగదు. అతుకులు తక్కువగా ఉండేట్లు తీగలు వేయడం, చివరలకు పెట్రోలియం జెల్లీ పూయడం మంచిది. నిషేధ కాలంలో ఒడ్డున నిలిపిన బోట్లలో తీగలను ఎలుకలు కొరుకుట కూడా కద్దు.

ఆపద తెలిపే పరికరాలు

2008లో ముంబైపై దాడి చేసినవారు కుబేర్ అనే చేపల పడవలో వచ్చిన తరువాత, పడవల నమోదు, గుర్తింపు నిబంధనలు కఠినమయ్యాయి. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన ఆపద సంకేత పరికరం 2010 నుండి వాడుకలో ఉంది. మీట నొక్కగానే పడవ ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా చెన్నైలోని తీర రక్షక దళ కేంద్రానికి చేరుతుంది. తొలి పరికరంలో సందేశం అందినదీ లేనిదీ పడవలోని వారికి తెలిసేది కాదు. 2024లో విడుదలైన రెండవ తరం పరికరం అందినట్లు జవాబును కూడా చూపుతుంది. అదే సంవత్సరం ఆగస్టు 30న దేశవ్యాప్తంగా లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే కార్యక్రమం ప్రారంభించబడినది.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానలు ఆపద పిలుపులకు కేటాయించబడినది. దీని తరంగాలు దాదాపు సూటిగా ప్రయాణిస్తాయి కనుక దూరం ప్రధానంగా యాంటెన్నా ఎత్తుపై ఆధారపడుతుంది. 4 మీటర్ల ఎత్తు యాంటెన్నాలు గల రెండు బోట్ల మధ్య సుమారు 16 కిలోమీటర్లు, ఒడ్డున 36 మీటర్ల స్తంభంతో సుమారు 33 కిలోమీటర్లు అందుతుంది. కావున ఖరీదైన సెట్టు కొనేముందు ఒక పొడవైన కర్ర మీద యాంటెన్నాను ఎత్తు చేయడం ఉపయోగకరం. చేతి ఫోను అందే దూరంలో ఉన్నప్పుడు తీర రక్షక దళాన్ని 1554 సంఖ్యపై పిలువవచ్చును.

ఈ పరికరాలన్నీ బ్యాటరీ మీద ఆధారపడినవే. బ్యాటరీ ఇంజను మీద, ఇంజను బిగింపు బోటు దేహం మీద ఆధారపడి ఉన్నాయి. ఉన్న డబ్బుతో ముందు ఏది బాగు చేయించవలెనను ప్రశ్నకు జవాబు ఈ వరుస క్రింది నుండి మొదలగును. ఉపగ్రహ పరికరానికి రాయితీ దొరికినంత సులభంగా షాఫ్టు బుష్షుకు దొరకదు కనుక, ఆచరణలో తరచు ఇది తలక్రిందులవుతుంది.

రేవుల నిర్మాణం

బోగోలు మండలంలోని జువ్వలదిన్నెలో చేపల రేవు నిర్మాణానికి 2020 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. రేవులో నిలిపే బోటుకు ఇసుక మీది ఒరిపిడి తప్పుతుంది. అయితే ఎల్లప్పుడూ నీటిలోనే ఉండే బోటు అడుగున నాచు, నత్తగుల్లల వంటి జీవులు పట్టి వేగం తగ్గి డీజిలు ఖర్చు పెరుగుతుంది. ప్రతి దినం ఒడ్డున ఆరే బోట్లలో అరుదుగా కనిపించే నీటిపొక్కులు ఫైబరు పొరలలో ఏర్పడతాయి. అడుగున ప్రత్యేక రంగు పూయడం, జింకు ముక్కలను తరచు చూడడం, సంవత్సరానికి ఒకసారైనా బోటును పైకెత్తి ఆరబెట్టడం రేవు బోట్లకు అవసరమగు పనులు.