పాచికలుంటే జూదమేనా? కొత్త తరం బోర్డ్ గేమ్స్ గురించి ముస్లిం కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

మొన్న ఈద్ మూడో రోజు రాత్రి మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా ఖాలా కొడుకు ఒక పెద్ద డబ్బా తెచ్చాడు. దస్తర్‌ఖాన్ తీసేసి అక్కడే బోర్డు పరిచాడు. పిల్లలంతా ఫోన్లు పక్కన పడేసి చుట్టూ చేరారు. అంతలో మా దాదీ డబ్బాలోంచి రెండు పాచికలు తీసి చూసి, "ఏం బేటా, ఇది జూదం కాదా?" అని అడిగింది. సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆట మళ్లీ డబ్బాలోకి వెళ్లిపోయింది.

ఇలాంటి ప్రశ్న చాలా ఇళ్లలో వస్తుంది. ఒకవైపు పిల్లలు స్క్రీన్ వదలడం లేదని బాధ, ఇంకోవైపు కొత్త ఆట తెస్తే అది జాయిజేనా అని అనుమానం. అందుకే అసలు ఈ ఆటలేంటో, ఉలమాల అభ్యంతరం ఎక్కడుందో విడివిడిగా చూద్దాం.

లూడో, మోనోపోలీకీ వీటికీ తేడా ఏంటి?

లూడోలో మనం ఆలోచించేది తక్కువ, పాచిక చెప్పేది ఎక్కువ. మోనోపోలీలో ఒకరు దివాలా తీస్తే మిగతావాళ్లు ఆడుతుంటే చూస్తూ కూర్చోవాలి. జర్మనీలో 1980ల నుంచి పెరిగిన కొత్త తరం ఆటలు ఈ రెండు ఇబ్బందుల్నీ తగ్గించాయి. వాటిలో నిర్ణయాలకు విలువ ఎక్కువ, చాలావాటిలో చివరిదాకా అందరూ ఆటలోనే ఉంటారు, గంట గంటన్నరలో అయిపోతుంది. అక్కడ ప్రతి ఏటా మంచి ఆటకు 'స్పీల్ డెస్ యారెస్' అనే అవార్డు ఇస్తారు. డబ్బా మీద ఆ గుర్తు ఉంటే ఇంటిల్లిపాదీ ఆడుకునే ఆట అని చాలామంది నమ్ముతారు.

మా ఇంట్లో దాదీ ఆపించిన ఆట 'కటాన్'. పళ్ల సెట్లు తయారుచేసే టెక్నీషియన్‌గా పనిచేసిన క్లాస్ టోయ్‌బర్ దీన్ని రూపొందించాడు, 1995లో వచ్చింది. 19 ఆరు మూలల పలకలతో ఒక ద్వీపం తయారవుతుంది. కలప, ఇటుక, ఉన్ని, ధాన్యం, ఖనిజం అని ఐదు సరుకులుంటాయి. వాటితో దారులు, ఊళ్లు కట్టుకుంటూ ముందుగా 10 పాయింట్లు చేరుకున్నవాళ్లు గెలుస్తారు.

కామర్స్ చదివినవాడిగా నాకు నచ్చింది ఇందులోని బేరం. ఇటుకలు ఒక్కరి దగ్గరే ఉంటే ఒక ఇటుకకు రెండు ఉన్నులు అడుగుతారు. ఇంకొకరి దగ్గర ఇటుకలు కనిపించగానే ఆ ధర పడిపోతుంది. మేం ఇంటర్లో పుస్తకంలో బట్టీపట్టిన డిమాండ్, సప్లై ఇక్కడ పదేళ్ల పిల్లకి అరగంటలో అర్థమవుతుంది.

అభ్యంతరం ఎక్కడ?

ఇక్కడ మూడు విషయాలు కలిసిపోతుంటాయి. వాటిని వేరుచేసి చూడాలి.

మొదటిది పందెం. ఖుర్ఆన్‌లో సూరా మాయిదా 90వ ఆయత్ మద్యంతో పాటు మైసిర్‌ను, అంటే జూదాన్ని, నిషేధించింది. డబ్బుగానీ వస్తువుగానీ పందెం పెడితే ఏ ఆటైనా హరామే, అందులో చర్చ లేదు. ఓడినవాళ్లు బిర్యానీ తినిపించాలనే సరదా షరతు కూడా ఇందులోకే వస్తుంది కాబట్టి అదీ వద్దు.

రెండోది పాచిక. 'నర్ద్‌షీర్' అనే పాచికల ఆటను ప్రవక్త ముహమ్మద్ (స) తీవ్రంగా ఖండించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దాన్నిబట్టి పందెం లేకపోయినా పాచికతో ఆడకూడదని ఎక్కువమంది ఫుఖహా అంటారు. కారణం జూదమే కాబట్టి, పందెం లేనప్పుడు అంత కఠినంగా చూడనక్కర్లేదనే అభిప్రాయం కూడా ఉంది. అంటే మా దాదీ అనుమానం ఊరికే వచ్చింది కాదు.

మూడోది సమయం. నమాజ్ తప్పిపోయేలా, ఇంటి బాధ్యతలు మరిచిపోయేలా ఆడితే ఏ ఆటకైనా అభ్యంతరం ఉంటుంది. చెస్ మీద ఉలమాల మధ్య జరిగిన పాత చర్చలో కూడా ఈ మాట ముఖ్యమైనదే.

పేరు చూసి మాత్రం తీర్పు చెప్పలేం. మన పల్లెల్లో అరుగుల మీద గీసుకుని ఆడే పులి-మేకను 'పులిజూదం' అని కూడా అంటారు. పేరులో జూదం ఉంది గానీ ఆటలో పాచిక లేదు, పందెం అక్కర్లేదు. మూడు పులులు ఒకవైపు, పదిహేను మేకలు ఇంకోవైపు, అంతా ఎత్తుగడే.

పాచిక లేకుండా ఆడేవి

మన దేశంలో బొమ్మల షాపుల్లో ఎప్పటినుంచో దొరికే 'స్కాట్లండ్ యార్డ్' 1983లో ఆ జర్మన్ అవార్డు గెలిచింది. ఒకరు లండన్‌లో దాక్కుంటారు, మిగతావాళ్లు టాక్సీ, బస్సు, రైలు టికెట్లతో వెతుకుతారు. 2008లో వచ్చిన 'పాండెమిక్'లో ఒకరి మీద ఒకరికి పోటీ ఉండదు. నాలుగు రోగాలు ప్రపంచమంతా పాకకుండా అందరూ కలిసి ఆపాలి. గెలిచినా ఓడినా అందరూ కలిసే. ఓడితే ఏడ్చే చిన్నపిల్లలున్న ఇంటికి ఇలాంటిది బాగుంటుంది. 2017 నాటి 'అజూల్' రంగు పలకలు పేర్చే ఆట. గ్రనాడాలోని అల్ హంబ్రా కోటలో ముస్లిం పనివాళ్ల పలకల అందం చూసి పోర్చుగల్ రాజు ముచ్చటపడ్డాడన్నది దాని నేపథ్య కథ. అందలూస్ గురించి పిల్లలకు చెప్పడానికి అదొక సాకు.

కటాన్‌లోనూ పాచిక తప్పనిసరి కాదు. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడొచ్చు. ఆ లెక్కతోనే 36 కార్డుల కట్టను తయారీదారులే తెచ్చారు. కొనక్కర్లేదు, ఇంట్లోనే చీటీలు రాసుకోవచ్చు: 2, 12 ఒక్కోటి; 3, 11 రెండేసి; 4, 10 మూడేసి; 5, 9 నాలుగేసి; 6, 8 ఐదేసి; 7 మాత్రం ఆరు. అన్నీ కలిపితే 36. బాగా కలిపి, పాచిక వేయాల్సిన చోట ఒక చీటీ తీస్తే సరిపోతుంది.

యుద్ధాల ఆటలు

టేబుల్ మీద యుద్ధం ఆడే హాబీ కూడా పెరుగుతోంది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి తన అధికారుల శిక్షణకు పనికొచ్చే 'క్రీగ్‌ష్పీల్' చూపించాడు. దాన్ని ఇంటి సరదాగా మార్చినవాళ్లలో రచయిత హెచ్.జి. వెల్స్ ఒకరు. 1913లో ఆయన రాసిన నియమాల్లో బొమ్మ ఫిరంగి పేల్చి సైనికుల్ని పడగొట్టాలి. ఇప్పుడు ఎక్కువ పేరున్నది 1987లో మొదలైన 'వార్‌హ్యామర్ 40,000'. చిన్న బొమ్మలు కొని, రంగులేసి సైన్యం తయారుచేసుకోవాలి. ఖర్చు వేలల్లో మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, పాచికలు కూడా గుప్పెళ్లకొద్దీ వేస్తారు.

బొమ్మల విషయంలోనూ చర్చ ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) దగ్గర రెక్కల గుర్రం బొమ్మ ఉండేదన్న హదీసు ఆధారంగా పిల్లల ఆటబొమ్మలకు చాలామంది మినహాయింపు ఇస్తారు. పెద్దలు అల్మారాలో ప్రదర్శించే బొమ్మలకు అది వర్తిస్తుందా అన్నది వేరే ప్రశ్న. బొమ్మలూ పాచికలూ రెండూ వద్దనుకునేవాళ్లకు 2011లో వచ్చిన 'సెకిగహారా' ఉంది. జపాన్‌లో 1600లో జరిగిన యుద్ధాన్ని చెక్క దిమ్మలతో, కార్డులతో ఆడతారు.

మొదలుపెట్టేముందు

దిగుమతి ఆటలు రెండు మూడు వేల రూపాయలకు తక్కువ రావు కాబట్టి ముందు ఎవరి దగ్గరైనా ఆడి చూడండి. నలుగురు అన్నదమ్ముల కుటుంబాలు తలో ఆట కొని మార్చుకుంటే ఖర్చు పంచినట్టవుతుంది. ఇషా తర్వాత కూర్చుంటే ఎప్పుడు ఆపాలో ముందే అనుకోండి, ఫజర్ ముఖ్యం. అనుమానం ఉంటే డబ్బా మూసిపెట్టకుండా, నియమాలు వివరించి మీ ఇమామ్ సాబ్‌నో, మీరు నమ్మే ఆలిమ్‌నో అడగండి. "బోర్డ్ గేమ్ ఆడొచ్చా?" అని కాకుండా "పందెం లేదు, పాచిక బదులు చీటీలు, ఇంత సమయం" అని చెప్పి అడిగితే జవాబు కూడా సూటిగా వస్తుంది.

మేమూ అదే చేశాం. మా మొహల్లా ఇమామ్ సాబ్ అంతా విని, పాచికలు తీసేయమన్నారు, నమాజ్ గుర్తుంచుకోమన్నారు. చీటీలు మా చెల్లెలు పాత పెళ్లి కార్డులు కత్తిరించి రాసింది. దాదీ ఇప్పటికీ ఆడదు గానీ, ఆట మొదలుపెట్టేముందు 36 చీటీలూ లెక్కపెట్టేది మాత్రం తనే.